కొక్కెం మీది బలం: పాత ట్రాక్టర్ల లాగుడు పోటీలపై సింహావలోకనం

1907లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, చార్లెస్ సిటీ పట్టణంలో హార్ట్-పార్ కంపెనీ ఒక ట్రాక్టరును అమ్మకానికి పెట్టింది. దాని పేరు 30-60. ఆ రెండు అంకెల్లో పెద్దది ఇంజను బెల్టు మీద ఇచ్చే అశ్వశక్తి. చిన్నది వెనక కొక్కేనికి నాగలి తగిలిస్తే దానికి అందే అశ్వశక్తి. ఇంజనులో పుట్టిన బలంలో సగం గేర్లలోనూ ఇనుప చక్రాల కింది మట్టిలోనూ పోతుందని తయారుచేసినవాళ్లే పేరులో రాసి అమ్మారన్నమాట. బండి బరువు దాదాపు 20 వేల పౌండ్లు. తన బరువును తాను మోసుకు తిరగడానికే అది సగం చమురు తాగేది.

పోయిన ఆ సగాన్ని తిరిగి రాబట్టడానికి యాభై ఏళ్లు పట్టింది. ట్రాక్టరు చరిత్ర అనగానే అశ్వశక్తి ఎలా పెరిగిందో చెబుతారు గానీ, ఆ బలం నేలకు ఎలా అందిందో చెప్పేవారు తక్కువ. అసలు కథ అక్కడే ఉందని నా నమ్మకం. అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో ఇప్పటికీ ప్రతి వేసవిలో పల్లె సంతలకు పాత ట్రాక్టర్లను తెచ్చి, బరువుల పీఠాలను లాగించి పందెం కడతారు. ఆ మైదానం మీద నిలబడి చూస్తే ఆ యాభై ఏళ్ల కథ అంతా కళ్లముందు కనిపిస్తుంది.

పోటీ ట్రాక్టరుతో మొదలవలేదు. ఒహాయో, అయోవా, మిస్సోరీ రైతులు ముందు గుర్రాలతో లాగించారు. పాకల తలుపు ఊడదీసి నేలమీద పరిచి, దానిమీద రాళ్లో మనుషులో ఎక్కితే, ఎవరి జత ఎంత దూరం ఈడ్చుకెళుతుందో చూసేవారు. పల్నాడులోనో ప్రకాశం జిల్లాలోనో తిరునాళ్లలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు చూసినవారికి ఇందులో వింతేమీ తోచదు. అక్కడా ఇక్కడా అడుగుల్లో దూరం కొలవడమే, జతల మధ్య విభాగాలు చేయడమే. మన దగ్గర రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ ఎద్దు వయసును బట్టి విభాగం కడతారు. వాళ్లు గుర్రాలను, ఆ తర్వాత ట్రాక్టర్లను కాటా మీద నిలబెట్టి బరువును బట్టి విభాగం కట్టారు. 1920లలో అయోవా వ్యవసాయ కళాశాలవారు గుర్రాల లాగుడును కొలిచే బండి ఒకటి తయారుచేశారు. దాంతో లాగుడు బలం పౌండ్లలో చెప్పగలిగే లెక్క అయింది.

ట్రాక్టరుకు అలాంటి లెక్క అంతకుముందే అవసరమైంది. 1908లో కెనడాలోని విన్నిపెగ్ ప్రదర్శనలో యంత్రాల చేత బహిరంగంగా దున్నించి, బరువులు లాగించి, మార్కులు వేశారు. ఆ పోటీ కొన్నేళ్లపాటు సాగింది. కానీ అసలు మలుపు నెబ్రాస్కాలో వచ్చింది. పోక్ కౌంటీలో వ్యవసాయం చేసే విల్మాట్ క్రోజియర్ వరసగా పనికిమాలిన ట్రాక్టర్లు కొని నష్టపోయాడు. వాటిలో ఒకటి ఫోర్డ్ పేరు పెట్టుకుని వచ్చింది గాని, హెన్రీ ఫోర్డుకు దానితో సంబంధం లేదు. చివరికి రూమ్లీ ఆయిల్‌పుల్ ఒకటి కొన్నాక, చెప్పిన పని చేసే యంత్రమంటూ లోకంలో ఉందని ఆయనకు తెలిసింది. క్రోజియర్ శాసనసభకు ఎన్నికై, 1919లో ఒక చట్టం తేవడంలో ముందు నిలిచాడు. ఆ చట్టం ప్రకారం నెబ్రాస్కాలో అమ్మదలచిన ప్రతి రకం ట్రాక్టరును విశ్వవిద్యాలయం పరీక్షించాల్సి వచ్చింది. 1920లో మొదటి పరీక్షకు నిలిచింది వాటర్లూ బాయ్. బెల్టు మీద ఎంత, కొక్కెం మీద ఎంత, చక్రం ఎంత జారింది, బండి ఎంత బరువు అన్నవన్నీ ఆ నివేదికల్లో అచ్చయ్యాయి. ఒక రైతు కోపంలోంచి పుట్టిన ఆ కాగితాలను నూరేళ్ల తర్వాత కూడా పోటీదారులు తిరగేస్తూనే ఉన్నారు.

ఆ కాలంలోనే అమెరికా పొలాలను ముంచెత్తింది ఫోర్డ్‌సన్. 1917లో వచ్చిన ఆ చిన్న ట్రాక్టరు ధర 1922లో 395 డాలర్లకు దిగింది. లక్షల మంది కొన్నారు. అది తేలిక, పొట్టి. నాగలి రాయికో వేరుకో తగులుకుంటే వెనక చక్రాలు తిరగడానికి దారిలేక, బండి ముందుభాగమే పైకి లేచి వెనక్కి తిరగబడేది. తోలేవాడు దానికిందే పడేవాడు. చాలామంది అలా ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత కాలంలో మడ్‌గార్డులను వెనక్కి పొడవుగా సాగదీసి, బండి లేస్తే అవి నేలకు ఆనేలా చేశారు. ముందు చక్రాలు ఎప్పుడు, ఎందుకు లేస్తాయన్న ప్రశ్న రైతులకు పుస్తకాల్లోంచి రాలేదు. పొలంలో జరిగిన చావుల్లోంచి వచ్చింది.

ఉత్తర ఐర్లండు ప్రాంతపు హ్యారీ ఫెర్గుసన్ ఆ ప్రశ్నకు సమాధానం వెతికాడు. నాగలిని ట్రాక్టరు వెనక ఈడ్చే బదులు మూడు లింకులతో దాని శరీరానికే కలిపాడు. మట్టి నాగలిని వెనక్కి లాగే బలాన్ని వెనక చక్రాల మీద బరువుగా మార్చాడు. 1938లో ఫెర్గుసన్, హెన్రీ ఫోర్డు కాగితం రాసుకోకుండా చేతులు కలిపారు. 1939లో ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. ఇవాళ మన ఊళ్లో తిరిగే ప్రతి ట్రాక్టరు వెనకా ఉన్న టాప్ లింకు, కింది రెండు లింకులు, హైడ్రాలిక్ లిఫ్టు ఆ చేతులు కలపడం నుంచి వచ్చినవే. బరువైన బండిని తయారుచేయకుండానే బరువును పుట్టించవచ్చని చూపిన మనిషి ఫెర్గుసన్. ట్రాక్టరు చరిత్రలో ఆయన కన్నా పెద్ద ఆలోచన చేసినవారు నాకు కనబడరు.

టైరు కథ ఇంకొకటి. 1932లో ఆలిస్-చామర్స్ కంపెనీ విస్కాన్సిన్‌లోని ఒక పొలంలో తన మోడల్ యూ ట్రాక్టరుకు విమానాల టైర్లు తొడిగి, తక్కువ గాలితో నడిపించి చూసింది. రబ్బరు చక్రం దున్నలేదని రైతులు గట్టిగా నమ్మే రోజులవి. వారిని ఒప్పించడానికి కంపెనీ పేరుమోసిన రేసు డ్రైవర్ బార్నీ ఓల్డ్‌ఫీల్డ్‌ను పిలిపించింది. 1933లో ఆయన ట్రాక్టరును గంటకు 64 మైళ్ల పైన తోలాడు. జనం వేగాన్ని చూసి చప్పట్లు కొట్టారు. కానీ రబ్బరు టైరు చేసిన అసలు మేలు వేరు. చక్రం తనను తాను ముందుకు దొర్లించుకోవడానికి ఖర్చయ్యే బలం బాగా తగ్గింది. ఆ మిగులంతా కొక్కేనికి చేరింది. 1939లో వచ్చిన ఫార్మాల్ ఎం నెబ్రాస్కా పరీక్షలో బెల్టు మీద నలభై అశ్వశక్తికి కొంచెం తక్కువగా, కొక్కెం మీద ముప్పైకి పైగా చూపించింది. హార్ట్-పార్ పోగొట్టుకున్న సగంలో ఎక్కువ భాగం ఈ ముప్పై ఏళ్లలో తిరిగొచ్చింది.

ఇవాళ పాత ట్రాక్టర్ల విభాగంలో కనిపించే ఎర్ర, పచ్చ, నారింజ బండ్లు చాలావరకు ఆ కాలానివే. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి ఫార్మాల్ హెచ్, ఎం ఎర్రవి. జాన్ డీర్ ఏ, బి, జి పచ్చవి. ఆలిస్-చామర్స్ డబ్ల్యుసి, 1953లో వచ్చిన డబ్ల్యుడి-45 నారింజవి. ఆలివర్, మిన్నియాపోలిస్-మోలిన్, మాసీ-హారిస్, కేస్ కూడా ఉంటాయి. పురాతన విభాగానికి హద్దు సంవత్సరం క్లబ్బును బట్టి మారుతుంది గాని, సాధారణంగా 1960కి ముందువే.

మోటారు ట్రాక్టర్లతో మొదటి పోటీలు 1929లో జరిగాయని చెబుతారు, మిస్సోరీలోని బౌలింగ్ గ్రీన్‌లోనూ ఒహాయోలోని వాన్స్‌విల్‌లోనూ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అవి పల్లె పల్లెకూ పాకాయి. అప్పటి పీఠం మనుషులు ఎక్కేది. మైదానం పొడుగునా మనుషులు నిలబడి ఉంటారు, ట్రాక్టరు పీఠాన్ని ఈడ్చుకుంటూ వస్తుంటే ఒక్కొక్కరే దానిమీదికి ఎక్కుతారు. బరువు పెరిగి పెరిగి బండి ఆగిపోతుంది. ట్రాక్టర్లు వేగం పుంజుకునేకొద్దీ అలా ఎక్కడం ప్రమాదమైపోయింది. ఆ స్థానంలో బరువు జరిగే పీఠం వచ్చింది. దాని వెనక భాగం చక్రాల మీద ఉంటుంది, ముందు భాగం నేలను రాసుకుంటూ సాగే ఇనుపరేకు. పీఠం కదిలేకొద్దీ చక్రాలకు బిగించిన గొలుసులు బరువుల పెట్టెను వెనక నుంచి ముందుకు లాక్కొస్తాయి. రేకు మీద భారం పెరుగుతుంది, ఈడ్పు పెరుగుతుంది. 300 అడుగులు దాటిస్తే అది ఫుల్ పుల్.

1967 నుంచి ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌లో జాతీయ పోటీలు జరుగుతున్నాయి. 1969లో ఎనిమిది రాష్ట్రాల ప్రతినిధులు కలిసి జాతీయ ట్రాక్టర్ పుల్లర్ల సంఘం పెట్టుకున్నారు. అదే ఏడు కెంటకీలోని లూయివిల్‌లో కప్పు కింద పోటీ మొదలైంది. ఆ తర్వాత ఒక ట్రాక్టరుకు నాలుగైదు ఇంజన్లు బిగించడం, విమానాల ఇంజన్లు తగిలించడం వచ్చాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను. చూడముచ్చటైన యంత్రాలే, కానీ అవి పొలం ముఖం చూడనివి. ఆ ఆర్భాటానికి దూరంగా, తాతలు దున్నిన బండ్లతోనే లాగుదామనుకున్నవారు పాత ట్రాక్టర్ల విభాగాలను నిలబెట్టారు. చాలాచోట్ల అక్కడ వేగానికి కూడా హద్దు ఉంటుంది. గంటకు మూడు నాలుగు మైళ్లు దాటితే పోటీ నుంచి తప్పుకోవాలి. వేగంతో గెలిచే వీలు పోయాక మిగిలేది బరువు లెక్క ఒక్కటే.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. 5,500 పౌండ్ల విభాగంలో దిగే ట్రాక్టరు అనుకోండి. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 90 అంగుళాలు. కొక్కెం నేల నుంచి 20 అంగుళాల ఎత్తులో ఉంది. చాలా క్లబ్బులు దానికి మించి ఒప్పుకోవు. పీఠం 4,000 పౌండ్ల బలంతో వెనక్కి లాగుతోంది. నాలుగు వేలను ఇరవైతో హెచ్చించి తొంభైతో భాగిస్తే దాదాపు 890 వస్తుంది. అన్ని పౌండ్లు ముందు చక్రాల మీద నుంచి లేచి వెనక చక్రాల మీదికి చేరతాయి. నిలిపి ఉన్నప్పుడు కాటా మీద ముందు చక్రాలు 900 పౌండ్లు చూపించి ఉంటే, ఈ లాగుడు దగ్గర అవి నేలను తాకీ తాకనట్టు ఉంటాయి. బండి బరువంతా లాగే చక్రాల మీదే ఉంటుంది. పోటీదారుడు కోరుకునేది సరిగ్గా ఇదే.

కొక్కేన్ని 15 అంగుళాలకు దించితే వెనక్కి మళ్లేది 670 పౌండ్లు మాత్రమే. మిగిలిన 230 పౌండ్లు ముందు చక్రాల మీద ఉట్టినే కూర్చుంటాయి, వాటివల్ల లాగుడు పెరగదు. 24 అంగుళాలకు పెంచితే మళ్లాల్సింది వెయ్యి దాటుతుంది. ముందు అంత బరువు లేదు కాబట్టి బండి లేస్తుంది. ముందుకు బిగించే ఇనుప దిమ్మల్లో ఒకటి అటూ ఇటూ జరిపితే లెక్క మారుతుంది. పైగా పీఠం ఈడ్పు మొదటి అడుగులో ఒకలా, రెండొందల అడుగుల దగ్గర ఒకలా ఉంటుంది. బండి మొదట్లో ముందుకు బరువుగా ఉండి, పీఠం బిగిసేకొద్దీ వెనక్కి కూర్చోవాలి. అనుభవజ్ఞుడైన మనిషి సంత మైదానంలో మట్టిని కాలితో నొక్కి చూసి, ఇవాళ చక్రాలు ఎంత పట్టుకుంటాయో అంచనా వేసి, దిమ్మలను దానికి తగ్గట్టు జరుపుతాడు. నేల గట్టిగా పట్టుకునే రోజు లాగుడు పెరుగుతుంది, ముందు ఎక్కువ బరువు కావాలి. పొడిగా జారే రోజు ఆ దిమ్మలే వెనక్కి వెళ్లాలి.

ఎడమ కుడి సమతూకం మరో పాఠం. ఈ పాత బండ్ల డిఫరెన్షియల్‌లో తేలికగా ఉన్న చక్రమే ముందు జారుతుంది. అది జారితే రెండో చక్రానికీ బలం అందదు. అందుకే వెనక రెండు చక్రాల కిందా కాటాలు పెట్టి విడివిడిగా తూస్తారు. ముందు చక్రాలు గాలిలో ఉన్నప్పుడు స్టీరింగు తిప్పి లాభం లేదు. ఎడమ, కుడి బ్రేకులే దారి చూపాలి. బ్రేకు తొక్కిన ప్రతిసారీ కొంత లాగుడు పోతుంది కనుక, నేరుగా పోయే బండిని కాటా దగ్గరే తయారుచేసుకున్నవాడు ముందుంటాడు. వెనకటి రైతులు టైర్లలో నీళ్లు, చలికి గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడు కలిపి నింపేవారు. దున్నడానికి అది బాగానే పనికొచ్చింది, రిమ్ములను మాత్రం తినేసింది. పోటీకి నేనైతే చక్రాలకు బిగించే పోత దిమ్మలనే ఎంచుకుంటాను. ద్రవం నింపిన టైరు బిగుసుకుపోతుంది. తక్కువ గాలితో మెత్తగా పరుచుకున్న టైరుకే పట్టు ఎక్కువ.

ఇక ఇంజను. ఈ బండ్లు పుట్టిన నాటి ఇంధనం నాసిరకం. పెట్రోలు పోసి స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిను లాంటి చవక డిస్టిలేటుకు మార్చేవారు. అది టకటకా కొట్టకుండా మండాలంటే సంపీడనం తక్కువగా, నాలుగుకు ఒకటి చుట్టుపక్కల ఉండాలి. 1920లలో సీసం కలిపిన పెట్రోలు వచ్చాక దారి తెరుచుకుంది. 1935లో ఆలివర్ కంపెనీ తన కొత్త ట్రాక్టరుకు 70 అని పేరు పెట్టింది, 70 ఆక్టేను పెట్రోలుతో నడుస్తుందని చెప్పడానికి. పోటీదారుడు మొదట చూసేది ఇక్కడే. హెడ్డును కొంచెం చెక్కించడం, ఎత్తైన ప్రాంతాల కోసం కంపెనీయే అమ్మిన ఎత్తు పిస్టన్లు వేయడం, వాల్వులు కూర్చోబెట్టడం, మాగ్నెటో టైమింగును కొత్త సంపీడనానికి సరిపెట్టడం. ఫార్మాల్ ఎంకు సిలిండరు వ్యాసం 3 అంగుళాల 7/8, స్ట్రోకు 5 అంగుళాల 1/4. ఇల్లినాయిలోని ఎం అండ్ డబ్ల్యు వారు యుద్ధం తర్వాత రైతులకు పెద్ద పిస్టన్ల సెట్లు అమ్మారు. అవి ఇప్పటికీ ఎన్నో బండ్లలో ఉన్నాయి.

పాత ఇంజనును వేగంగా తిప్పి గెలవాలనుకోవడం పెద్ద పొరపాటని గట్టిగా చెప్పాలి. ఫార్మాల్ ఎంలో వేగానికి హద్దు కట్టే గవర్నరు ఇంజనును నిమిషానికి 1,450 చుట్ల దగ్గర ఆపుతుంది. స్ప్రింగు బిగించి 2,900కు తీసుకెళితే, ఫ్లైవీలును చీల్చాలని చూసే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఎనభై ఏళ్ల పోత ఇనుము పగిలితే ముక్కలు జనంలోకి వెళతాయి. అందుకే బాధ్యత తెలిసినవారు కనెక్టింగ్ రాడ్లను రెండు కొసలా తూచి నాలుగూ సమానం చేస్తారు, పిస్టన్లను గ్రాముల తేడా లేకుండా కూర్చుతారు, క్రాంకును ఫ్లైవీలుతో కలిపి బ్యాలెన్స్ చేయిస్తారు, బండి ముందుభాగం లేచినా తిరగబడకుండా వెనక వీలీ బార్లు బిగిస్తారు, గొలుసు తెగితే ఇంజనును ఆపే స్విచ్చు పెడతారు.

జాన్ డీర్‌ది వేరే పద్ధతి. రెండే సిలిండర్లు, అడ్డంగా పడుకున్నవి. జి మోడల్‌లో వ్యాసం 6 అంగుళాల 1/8, స్ట్రోకు 7. చుట్లు నిమిషానికి 975 మాత్రమే. ఒక పేలుడు తర్వాత అర చుట్టుకే రెండోది, ఆపైన చుట్టున్నర ఖాళీ. ఆ ఖాళీని బరువైన ఫ్లైవీలు ఈదుతుంది. పీఠం బిగిసి చుట్లు పడిపోతున్నా ఆ ఇంజను వదలదు. చివరి ఇరవై అడుగుల్లో ఎర్ర బండి గుక్కపట్టి ఆగితే, పచ్చది పేలుతూ పేలుతూ మరో గజం లాక్కెళుతుంది. 1960లో డీర్ కంపెనీ రెండు సిలిండర్లకు స్వస్తి చెప్పి కొత్త తరం తెచ్చింది. వ్యాపారపరంగా సరైన నిర్ణయమే. అయినా ఆ చప్పుడును మైదానాల్లో బతికించింది ఈ పోటీలే.

గేరు ఎంపిక కూడా లెక్కలోనిదే. ఎంలో రెండో గేరు గంటకు మూడున్నర మైళ్లు, మూడోది నాలుగుంపావు. వేగం హద్దు నాలుగైతే రెండో గేరులోనే వెళ్లాలి. పెద్ద టైరు వేస్తే అదే గేరు ఇంకొంచెం దూరం నడుస్తుంది, కానీ కొక్కెం ఎత్తూ పెరుగుతుంది. ఒకటి మారిస్తే మూడు మారతాయి.

ఈ పోటీల్లో నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. అరుదైన బండ్ల అసలు హెడ్లు, మానిఫోల్డులు, గేరుపెట్టెలు గెలుపు కోసం కోతకు గురవుతున్నాయి. ఒకసారి కోసింది మళ్లీ రాదు. కంపెనీ నుంచి వచ్చినట్టే నిలిపి, బరువుల అమరికతో మాత్రమే లాగించే విభాగాలకే పెద్ద బహుమతులు పెట్టాలి. చెక్కించడానికి డబ్బు చాలు, అమరికకు మాత్రం నేర్పు కావాలి.

తెలుగు రైతుకు ఈ చరిత్ర పరాయిది కాదు. ఫార్మాల్‌ను తయారుచేసిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1963లో మహీంద్రాతో చేతులు కలిపి, ఆ తర్వాత మన దేశంలో బి-275ను తెచ్చింది. అది మన పొలాల్లో ఒక తరాన్ని దున్నించింది. ఆనాటి బండి ఎవరి చావిట్లోనైనా మిగిలి ఉంటే పాత ఇనుముకు వేయకండి. దాని దిమ్మలు, కొక్కెం, పుస్తకంతో సహా దాచండి.

ఇంకొక మాట ప్రాణానికి సంబంధించినది. బురదలో దిగబడిన ట్రక్కును లాగేటప్పుడు గొలుసును ఇరుసు గొట్టానికి గాని, టాప్ లింకు బిగించే చోట గాని ఎప్పుడూ కట్టకండి. అంత ఎత్తున కడితే, చక్రం పట్టు దొరికిన క్షణాన ముందుభాగం లేచి, బ్రేకు మీద కాలు పడేలోపే బండి వెనక్కి తిరగబడుతుంది. ఇరుసుకు కిందగా ఉండే డ్రాబార్‌కే కట్టండి. అక్కడ కడితే బండి ముందు లేచేకొద్దీ కొక్కెం కిందికి దిగి, లేపే బలం తగ్గుతుంది. చిన్న గేరులో, క్లచ్ మెల్లగా వదులుతూ లాగండి. ముందు చక్రాలు లేస్తున్నట్టు తోస్తే వెంటనే క్లచ్ తొక్కండి. మీ ఇంట్లో ట్రాక్టరు తోలే కుర్రవాళ్లకు ఈ సంగతి ఇవాళే చెప్పండి.